పసిబిడ్డల జ్ఞానార్జనము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



తెలుగునాట బిడ్డ ఎదుగుదలను పిండివంటలతో లెక్కించు ముచ్చటయైన ఆచారమొకటి కలదు. బిడ్డ నవ్వు నేర్చినప్పుడు నువ్వుండలు, బోర్లపడినప్పుడు బొబ్బట్లు, అడుగులు వేసినప్పుడు అరిసెలు, పలుకులు వచ్చినప్పుడు పంచదార చిలుకలు ఇరుగుపొరుగులకు పంచిపెట్టుదురు. బిడ్డ నేర్చిన ప్రతి పనియు ఊరివారందరును కలసి సంతోషింపదగిన ఘనకార్యమని ఈ ఆచారమును ఏర్పరచిన అవ్వలు గుర్తించిరి. అయితే ఈ పంపకములన్నియు కంటికి కనుపించు మెట్లకు మాత్రమే. కనుపింపని మెట్లు అంతకంటె పెక్కు కలవు. దాచిన వస్తువు ఎక్కడికిని పోలేదని బిడ్డ తెలిసికొన్న దినమున ఎవరును బొబ్బట్లు వండరు. ‘ట’కును ‘త’కును గల భేదమును చెవి పట్టుకొన్న దినమున ఎవరును చిలుకలు పంచరు. ఆ దినములు వచ్చిపోయినట్లు ఇంటివారికి తెలియనే తెలియదు. ఆ మెట్లు ఎట్టివి, బిడ్డ వానిని ఎట్లు ఎక్కును, అందుకు పెద్దలు అందింపవలసిన చేయూత ఎట్టిది అనునదే నేటి ప్రసంగ విషయము.

మాటలు రాని బిడ్డకు ఏమి తెలియునని లోకము చిరకాలము తలంచినది. పాలు త్రాగుట, నిద్రించుట, ఏడ్చుట, ఈ మూడే దాని పనులనియు, బుద్ధి అనునది బడికి పోవు వయస్సున మొలకెత్తుననియు పలువురు నేటికిని భావించుచున్నారు. ఈ భావము తప్పని గడచిన కొన్ని దశాబ్దములలో జరిగిన పరిశోధనలు నిరూపించినవి. మాటాడలేని బిడ్డను ప్రశ్నించుట ఎట్లు అని సందేహము కలుగవచ్చును. బిడ్డ తనంత తాను చేయగల పనులు కొన్ని కలవు. చప్పరించును, చూచును, తల త్రిప్పును, కాళ్లు తన్నును. క్రొత్తదానిని ఎక్కువసేపు చూచును. విసుగు పుట్టినదాని నుండి చూపు మరల్చుకొనును. ఈ చిన్న చేష్టలనే ప్రత్యుత్తరములుగ గ్రహించి శాస్త్రజ్ఞులు బిడ్డల మనస్సులోనికి తొంగిచూడగలిగిరి.

1980 సంవత్సరమున అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున డికాస్పర్, ఫైఫర్ అను శాస్త్రజ్ఞులు ఇరువురు పుట్టి మూడు దినములైన నిండని శిశువులను పరీక్షించిరి. శిశువు నోట పాలపీకను ఉంచి, చెవులకు శబ్దము వినిపించు సాధనమును అమర్చిరి. చప్పరించు శిశువు నడుమ నడుమ కొంచెము ఆగుట సహజము. ఆ విరామము ఒక తీరున నున్నయెడల కన్నతల్లి గొంతు, మరియొక తీరున నున్నయెడల వేరొక స్త్రీ గొంతు వినవచ్చునట్లు ఏర్పాటు గావించిరి. శిశువులు తల్లి గొంతు వినవచ్చు రీతికి తమ చప్పరింపును మార్చుకొనిరి. కన్ను సరిగ విచ్చని శిశువు తల్లి గొంతును గుర్తుపట్టుటయే కాదు, దానిని వినుటకై ఉపాయమును గూడ పన్నుచున్నదన్నమాట.

ఇది ఎట్లు సాధ్యమైనది? గర్భవాసపు చివరి మాసములలో శిశువు చెవులు పని చేయును. బయటి ధ్వనులు మందముగ లోనికి చేరును; వానిలో తల్లి గొంతు తక్కిన వానికంటె స్పష్టముగ వినవచ్చును. అభిమన్యుడు తల్లి గర్భమున నుండగనే పద్మవ్యూహ రహస్యమును వినెనని భారతకథ చెప్పుచున్నది. గర్భస్థ శిశువు వ్యూహములు నేర్చునని శాస్త్రము చెప్పదు గాని, తల్లి గొంతును, ఆమె మాటల ఒరవడిని విని గుర్తుంచుకొనునని మాత్రము చెప్పుచున్నది. పుట్టిన తరువాత దాని చూపు దూరమునకు ఆనదు. ఇరువది మొదలు ముప్పది సెంటీమీటర్ల లోపలి వస్తువే దానికి కొంత తేటగ కనుపించును. ఒడిలో పాలు త్రాగు బిడ్డకు తల్లి మొగము రమారమి అంత దూరముననే యుండును. కావున బిడ్డ చదువు మొదటి పుస్తకము తల్లి మొగమే.

ఉయ్యాలపై చిలుకల పందిరి కట్టుట తెలుగువారికి క్రొత్త కాదు. అట్టి వ్రేలాడు బొమ్మలతోనే రోవీ కోలియర్ అను అమెరికా విదుషీమణి 1960వ దశకమున ఒక పరిశోధన ప్రారంభించినది. బిడ్డ కాలిమడమకు మెత్తని పట్టీని కట్టి, దాని రెండవ కొనను బొమ్మలకు ముడివైచినది. బిడ్డ కాలు తన్నినప్పుడెల్ల బొమ్మలు కదలెను. రెండు మూడు మాసముల బిడ్డలు కొద్ది నిమిషములలోనే ఈ సంబంధమును గ్రహించి, ముందటికంటె మిక్కుటముగ తన్నసాగిరి. మూడు మాసముల బిడ్డ సుమారు వారము దినముల తరువాత గూడ ఆ బొమ్మలను చూచినంతనే కాలు తన్నెను. ఆరు మాసముల బిడ్డకు ఆ జ్ఞాపకము రెండు వారములు నిలిచెను. తాను చేసిన పనివలన లోకమున ఒక మార్పు కలుగుచున్నదని తెలియుట విద్యకు మొదటి మెట్టు. చిలుకల పందిరి బిడ్డకు వినోదము మాత్రమే కాదు, పాఠశాల గూడ అయినది.

బిడ్డల బుద్ధివికాసమును శ్రద్ధతో పరిశీలించినవారిలో స్విట్జర్లాండు దేశీయుడైన జీన్ పియాజె (1896–1980) అగ్రగణ్యుడు. ఆయన తన ముగ్గురు బిడ్డలను దినదినము గమనించుచు వారి చేష్టలను వ్రాసి ఉంచెను. అందొక విశేషము ఏ ఇంటనైనను చూడవచ్చును. అయిదారు మాసముల బిడ్డ ఎదుట ఒక గిలకను ఉంచి, అది అందుకొనబోవుచుండగ దానిపై గుడ్డ కప్పినయెడల, బిడ్డ గుడ్డను తొలగింపదు. అట్టి వస్తువే లేనట్లు ఊరకుండును. ఎనిమిది తొమ్మిది మాసములు వచ్చునప్పటికి గుడ్డను లాగి గిలకను తీసికొనును. అయినను మరియొక చిత్రము కలదు. ఆ గిలకను ఒకచోట పలుమారులు దాచి, తరువాత బిడ్డ చూచుచుండగనే మరియొకచోట దాచినయెడల, బిడ్డ మొదటి చోటనే వెదకును. సుమారు సంవత్సరము నిండినపిదప గాని ఈ పొరపాటు తొలగిపోదు.

కన్నులకు కనుపింపని వస్తువు కూడ ఉండునని గ్రహించుటకు బిడ్డకు ఇన్ని మాసములు పట్టునని పియాజె తలంచెను. ఆయన తరువాత 1980వ దశకమున రెనే బయార్జాన్ అను పరిశోధకురాలు మరియొక ఉపాయము పన్నినది. ఒక పెట్టె ముందర తలుపువంటి పలకను నిలిపి, అది వెనుకకు వాలునట్లు చేసినది. పెట్టె అడ్డుండగ పలక నడుమ ఆగిపోవలెను గదా! అది ఆగక, పెట్టె లేనట్లు పూర్తిగ వాలిపోయినప్పుడు నాలుగు మాసములు దాటిన బిడ్డలు గూడ దానిని ఎక్కువసేపు చూచిరి. ఇట్లు కారాదే అన్నట్లుండెను వారి చూపు. చేతితో వెదకలేని బిడ్డకు గూడ మనస్సున కొంత తెలివి యుండునని దీనివలన ఆమె నిర్ణయించినది. ఈ విషయమున పండితులలో నేటికిని వాదములు కలవు. కాని చేయి చేయగలదానికంటె మనస్సు ముందు నడచుననుట పలువురు అంగీకరించిన మాట.

పై సంగతులు తెలిసినచో బిడ్డల అల్లరి యందు గూడ ఒక క్రమము కనుపించును. పదిమాసముల బిడ్డ చేతిలోని గరిటెను క్రింద పడవైచును. తల్లి తీసి ఇచ్చును. మరల పడవైచును. పదిమారులు ఇట్లు జరుగగ తల్లికి విసుగు పుట్టి, మొండితనమని ఒక దెబ్బ వేయుటయు కలదు. కాని అది మొండితనము కాదు. పైనుండి విడిచినది ప్రతిమారును క్రిందికే పడునా, గరిటె చప్పుడు, గుడ్డముక్క చప్పుడు ఒకటేనా, పడినదానిని అమ్మ ప్రతిమారును తీసి ఇచ్చునా అని బిడ్డ పరీక్షించుచున్నది. ఒక్కమారు చూచి నమ్మక పదిమారులు చూచి నిర్ధారణ చేసికొనుట శాస్త్రజ్ఞుల లక్షణము గదా!

ఇక పలుకుల మాట. పలుకులు వచ్చినప్పుడు పంచదార చిలుకలు పంచుదురు గాని, ఆ పలుకులకు వెనుక సంవత్సరముపాటు జరిగిన శ్రమ ఎవరికిని తెలియదు. కెనడా దేశమున వాంకూవరు నగరమందు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు 1984లో ప్రకటించిన పరిశోధన తెలుగువారికి మిక్కిలి ఆసక్తికరమైనది. ఏలయన వారు పరీక్షకు గైకొన్న ధ్వనులలో ప్రధానమైనవి హిందీ భాషలోని ‘ట’, ‘త’లు. ఈ రెంటికిని గల భేదము తెలుగు బిడ్డకు ఎంత సులభమో ఇంగ్లీషువారికి అంత కష్టము. వారి భాషలో ఆ భేదము లేదు. ఆశ్చర్యమేమనగా, ఇంగ్లీషు మాటాడు ఇండ్లలోని ఆరు మొదలు ఎనిమిది మాసముల బిడ్డలలో అత్యధికులు ఆ భేదమును చక్కగ గుర్తించిరి. పది పండ్రెండు మాసముల బిడ్డలలో కొద్దిమంది మాత్రమే గుర్తింపగలిగిరి. హిందీ మాటాడు ఇండ్లలోని పదునొకండు పండ్రెండు మాసముల బిడ్డలకు మాత్రము ఆ శక్తి చెక్కుచెదరలేదు.

దీని భావము గంభీరమైనది. పుట్టిన బిడ్డ చెవి లోకమునందలి భాషలకెల్ల తెరచిన తలుపు. మొదటి సంవత్సరము ముగియులోపల అది తన చుట్టునున్న భాషకు తగినట్లు తన్ను తాను దిద్దుకొనును. వినని ధ్వనుల భేదమును వదలుకొని, విన్నవానిని పదును పెట్టుకొనును. తొలి పలుకు పలుకకముందే బిడ్డ తెలుగుబిడ్డ అయినది. ఈ మార్పు ఎవరో కూర్చుండబెట్టి నేర్పుటవలన కలిగినది కాదు. ఇంటిలో వినవచ్చిన మాటలవలన కలిగినది. వినుటకు మాటలు లేని ఇంట ఈ పని కుంటుపడును.

మాటల నడుమ ఖాళీలుండునని చదువుకొన్నవారు తలంతురు. అవి పుస్తకములలోనే కలవు. మాటాడునప్పుడు పదములన్నియు ఒకదాని వెంట నొకటి ప్రవాహమువలె సాగిపోవును. సంధులు పెక్కైన తెలుగున ఇది మరియు నెక్కువ. ఈ ప్రవాహమున ఒక మాట ఎక్కడ ముగిసినది, మరియొకటి ఎక్కడ మొదలైనది బిడ్డ ఎట్లు కనుగొనును? 1996లో జెన్నీ సాఫ్రన్, ఆమె సహచరులు దీనికి ఒక సమాధానము చూపిరి. అర్థములేని మూడక్షరముల పదములు నాలుగు కల్పించి, నడుమ విరామములు లేకుండ కలగలిపి, ఎనిమిది మాసముల బిడ్డలకు రెండే నిమిషములు వినిపించిరి. ఏ అక్షరము వెంట ఏ అక్షరము తఱచుగ వచ్చుచున్నదో బిడ్డల చెవి లెక్కగట్టినది. పదములేవో, పదములు కానివేవో వేరుపరచినది. అంకెలు రాని బిడ్డ లోలోపల గణితము చేయుచున్నదని చెప్పినచో నవ్వువచ్చును గాని అది నిజము.

పెద్దలు బిడ్డలతో మాటాడునప్పుడు గొంతు హెచ్చించి, సాగదీసి, రాగము తీసి, చెప్పినదే చెప్పుట లోకమున బహుదేశములలో కలదు. ‘బువ్వ’, ‘లాల’, ‘జోజో’, ‘బూచి’ అను మాటలు తెలుగు తల్లులు ఈ పనికై కూర్చుకొన్న చిన్న నిఘంటువు. ఇది వెఱ్ఱి మురిపెమని కొందరు చదువరులు ఈసడింతురు. అది పొరపాటు. ఇట్టి మాటతీరునే పసిబిడ్డలు చెవియొగ్గి వినుటకు ఇష్టపడుదురని పరిశోధనలు తెలిపినవి.

బిడ్డ చూచినదానిని చూచినట్లు అనుకరించునని లోకోక్తి. అనుకరణమున గూడ ఆలోచన కలదని 2002లో బుడాపెస్టు నగరమున గెర్గెయ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును చూపిరి. ఒక స్త్రీ బల్లపైనున్న దీపమును చేతితో గాక నుదుటితో తాకి వెలిగించెను. పదునాలుగు మాసముల బిడ్డలు దీనిని చూచిరి. ఆమె చేతులు ఖాళీగ నుండగ అట్లు చేసినయెడల నూటికి 69 మంది బిడ్డలు తామును నుదుటితోనే వెలిగించిరి. ఆమె చలికి దుప్పటి కప్పుకొని దానిని రెండు చేతులతో పట్టుకొని యుండగ అట్లు చేసినయెడల నూటికి 21 మంది మాత్రమే నుదుటిని వాడిరి. తక్కినవారు చేతితోనే వెలిగించిరి. చేతులు ఖాళీ లేక ఆమె అట్లు చేసినది, తమకు ఆ అవసరము లేదని వారు గ్రహించిరన్నమాట.

ఇతరుల మనస్సు తన మనస్సు వంటిది కాదని తెలియుట మరియొక పెద్ద మెట్టు. 1997లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున రెపకోలీ, గోప్నిక్ అను ఇరువురు విదుషీమణులు పసివారి ఎదుట రెండు పళ్లెములు ఉంచిరి. ఒకదానిలో బిడ్డల కిష్టమైన బిస్కత్తులు, రెండవదానిలో వారి కిష్టములేని పచ్చికూర. పరీక్షించునామె కూరను నమలి మిక్కిలి రుచియనియు, బిస్కత్తును కొరికి చీ యనియు అభినయించి, తనకు కొంచెము పెట్టుమని చేయి చాచెను. పదునాలుగు మాసముల బిడ్డలు తమకు ప్రియమైన బిస్కత్తునే ఇచ్చిరి. పదునెనిమిది మాసముల బిడ్డలు కూరను ఇచ్చిరి. తనకు నచ్చినదే ఎదుటివారికిని నచ్చవలెనని పట్టుపట్టు పెద్దలు ఈ చిన్నవారినుండి నేర్చుకొనదగినది కొంత కలదు.

ఈ విధముగ బిడ్డ పుట్టినది మొదలు వినుచు, చూచుచు, పరీక్షించుచు, లెక్కగట్టుచు నేర్చుకొనుచునే యున్నది. అయినచో పెద్దలతో దానికి పనియేమి? ఇదియే ఈ ప్రసంగమున ముఖ్యమైన ప్రశ్న. బిడ్డకు కావలసినది ప్రత్యుత్తరము. అది ‘ఉంగా’ అన్నప్పుడు తిరిగి ‘ఉంగా’ అను మనిషి కావలెను. వ్రేలితో కాకిని చూపినప్పుడు ఆ వైపు చూచి ‘అవునమ్మా, కాకి’ అను మనిషి కావలెను. 1978లో ఎడ్వర్డ్ ట్రానిక్, ఆయన సహచరులు ప్రకటించిన పరీక్షలో తల్లులు బిడ్డలతో కొంతసేపు ఆడి, పిమ్మట మొగమున ఏ భావమును లేకుండ ఊరక చూచుచు కూర్చుండిరి. బిడ్డలు మొదట నవ్వి తల్లిని పలుకరింప చూచిరి. ఫలితము లేకపోగ మరల మరల యత్నించి, తుదకు మొగము త్రిప్పుకొని ముడుచుకొనిరి. తల్లి ఎదుటనే యున్నది. కాని ఆమె ప్రత్యుత్తరము లేదు. కొలది నిమిషముల మౌనమే బిడ్డను అంత కలవరపెట్టినది.

మనిషికి మారుగ యంత్రము పనికివచ్చునా? 2003లో అమెరికాలోని సియాటిలు నగరమున పెట్రీషియా కూల్, ఆమె సహచరులు తొమ్మిది మాసముల అమెరికా బిడ్డలకు చైనా భాషను వినిపించిరి. కొందరితో చైనా భాష మాటాడువారు ఎదుట కూర్చుండి, ఆడించుచు, పుస్తకములు చదువుచు పండ్రెండు పర్యాయములు గడపిరి. మరికొందరికి ఆ మనుష్యులనే, ఆ మాటలనే టెలివిజను తెరపై చూపిరి. మనుష్యులతో గడపిన బిడ్డలు ఆ భాషా ధ్వనుల భేదమును పట్టుకొనిరి. తెరను చూచిన బిడ్డలు ఏమియు నేర్వలేదు. మాటలు అవియే, గొంతులు అవియే. తెర బిడ్డ చూపునకు బదులు చూపలేదు, నవ్వునకు నవ్వలేదు.

ఈ ఫలితము నేటి గ్రామములకు మిక్కిలి అవసరము. బిడ్డ అన్నము తినుటకు సెల్‌ఫోను, ఏడ్పు మానుటకు సెల్‌ఫోను, నిద్రించుటకు సెల్‌ఫోను అను వాడుక పూరియిండ్లకు గూడ ప్రాకినది. బిడ్డ కదలక మెదలక తెరను చూచుచుండగ ఎంతో నేర్చుచున్నదని ఇంటివారు మురియుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనలలో సంవత్సరములోపు బిడ్డలకు తెర ఎంతమాత్రమును తగదనియు, రెండవ ఏట గూడ తగదనియు, రెండేండ్లు నిండినవారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు చెప్పినది. దూరదేశమున నున్న తాతతోనో తండ్రితోనో ఫోనులో ముఖాముఖిగ పలుకరించుట వేరు. అచ్చట బదులు పలుకు మనిషి యున్నాడు. బదులు పలుకని బొమ్మల ప్రవాహమే ఇక్కడ ఆక్షేపింపబడుచున్నది.

ఇందుకు తల్లులు ఒక న్యాయమైన మాట అడుగవచ్చును. సూర్యోదయమునకు ముందే లేచి, వంట చేసి, నాట్లకో కలుపునకో పోయి, ప్రొద్దుగూకి ఇల్లు చేరు తల్లికి బిడ్డతో ఆడుటకు తీరిక ఎక్కడిది? కడుపునకు చాలని ఇంట ఆటపాటలు ఎవరికి తోచును? ఈ ప్రశ్నకు తల్లిని నిందించుట సమాధానము కాదు. జమైకా ద్వీపమున జరిగిన ఒక కార్యము దీనికి మంచి సమాధానము. 1986–87లో కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో తొమ్మిది మొదలు ఇరువదినాలుగు మాసముల వయస్సుగల, ఎదుగుదల కుంటుపడిన 129 మంది బిడ్డలను సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్, ఆమె సహచరులు ఎన్నుకొనిరి. కొందరికి ప్రతివారము పాలపిండి ఆహారము ఇచ్చిరి. కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారమునకొక గంట చొప్పున రెండేండ్లు పోయి, బిడ్డతో ఆడుట, మాటాడుట తల్లికి చూపిరి. కొందరికి రెండును సమకూర్చిరి. కొందరికి ఏదియు లేదు. ఆటవస్తువులు అంగడిలో కొన్నవి కావు. ఇంట పారవేయు డబ్బాలు, సీసామూతలు, గుడ్డపీలికలతో చేసినవి. ఆ కార్యకర్తలు గొప్ప చదువులు చదివినవారును కారు.

ఆ బిడ్డలు ఇరువదిరెండేండ్ల వయస్సువారైన తరువాత వారిని మరల వెదకి పరిశీలించిరి. ఆ ఫలితములు 2014లో ప్రకటితమైనవి. ఆటపాటల సహాయము పొందినవారి సంపాదన, పొందనివారి సంపాదనకంటె నూటికి 25 వంతులు హెచ్చుగ నుండెను. ఎదుగుదల కుంటుపడని తోటివారితో వారు సమానులైరి. ఆహారము మాత్రమే పొందినవారిలో సంపాదనకు సంబంధించి ఇట్టి దీర్ఘకాల ఫలితము కనుపింపలేదు. ఆహారము అక్కరలేదని దీని అర్థము కాదు. రెండేండ్లు ముగిసిననాడు ఆహారము పొందిన బిడ్డల బుద్ధియు మెరుగై యుండెను. రెండును పొందినవారు తక్కినవారిని మించిరి. పుట్టినప్పుడు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవ వంతుండు బిడ్డ మెదడు, రెండేండ్లు నిండునప్పటికి సుమారు ముప్పాతిక వంతునకు పెరుగును. ఆ పెరుగుదలకు పాలు, పప్పు, గ్రుడ్డు, ఆకుకూర, అయొడీను కలిసిన ఉప్పు కావలెను. అన్నము పెట్టుచున్నాము గదా అని మాటను మానరాదనుటయే ఇందలి నీతి.

వారమునకొక గంట అనగ ఎంత? అది తల్లి ఒక్కతెయే మోయవలసిన బరువు కాదు. అరుగుమీద కూర్చున్న తాత, కూరగాయలు తరుగుచున్న అవ్వ, బడినుండి వచ్చిన అక్క, పొలమునుండి వచ్చిన తండ్రి, అందరును ఇందు పాలివారే. నీళ్లు పోయుచు ‘ఇది చేయి, ఇది కాలు’ అనవచ్చును. బియ్యమేరుచు బిడ్డచేత గిన్నెలు మూయింపవచ్చును, తెరిపింపవచ్చును. కొంగుచాటున మొగము దాచి మరల చూపు ఆటలో, దాచినది పోలేదను పాఠము కలదు. చప్పట్ల ఆటలో ఒకరి తరువాత ఒకరు అను మర్యాద కలదు. తండ్రులు పసిబిడ్డను ఎత్తుకొని మాటాడుట మగతనమునకు కొరత యని తలంచు కాలము గతించవలెను.

మరియొక వైపు తొందర గూడ బిడ్డలకు కీడు చేయుచున్నది. రెండేండ్ల బిడ్డచేత ఇంగ్లీషు అక్షరములు వల్లెవేయించి, చుట్టములముందు అప్పజెప్పించి, అదియే తెలివియని మురియు ఇండ్లు పెరిగినవి. పూర్వులు అక్షరాభ్యాసమును మూడవ యేటనో అయిదవ యేటనో ఉంచిరి గాని ఉయ్యాలలో ఉంచలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము గూడ మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఆటపాటల మార్గముననే విద్య సాగవలెనని చెప్పినది. అర్థము తెలియని అక్షరములకంటె, నీళ్లలో ఏది తేలును, ఏది మునుగును అని తొట్టివద్ద చూచుట ఆ వయస్సునకు ఉత్తమ విద్య.

బిడ్డలందరును ఒకే దినమున ఒకే మెట్టు ఎక్కరు. పక్కింటి బిడ్డ ముందు పలికినదని దిగులు వలదు. కాని కొన్ని గుర్తులను ఉపేక్షింపరాదు. పెద్ద చప్పుడునకు ఉలికిపడని బిడ్డను, సంవత్సరము సమీపించినను తాతా, బాబా వంటి ధ్వనులు పలుకని బిడ్డను, పిలిచినను చూడని బిడ్డను వైద్యునకు చూపవలెను. చెవుల లోపమును మాసములలో కనుగొనుట వేరు, ఏండ్లు గడచిన పిదప కనుగొనుట వేరు. చెవులు వినరాని బిడ్డకు బుద్ధి లేదనుట గూడ అజ్ఞానము. సంజ్ఞల భాష వాడు తల్లిదండ్రుల చెవిటిబిడ్డలు, తక్కిన బిడ్డలు నోటితో అర్థములేని ముద్దుధ్వనులు పలుకు వయస్సుననే చేతులతో అట్టి అర్థములేని సంజ్ఞలు చేయుదురని 1991లో కెనడాలో పరిశోధించిన పెటిటో, మారెంటెట్ వెల్లడించిరి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు వచ్చి బిడ్డలను పరీక్షించునట్లు ఏర్పాటు కలదు. ఆ దినమున బిడ్డను ఇంట నుంచుకొనక తీసికొనిపోవుట తల్లిదండ్రుల విధి.

తుదకు గ్రంథాలయము మాట. చదువురాని పసిబిడ్డకు గ్రంథాలయముతో పనియేమి అని అనిపింపవచ్చును. ఇంగ్లండులోని బర్మింగుహామ్ నగరమున 1992లో గ్రంథాలయములవారు, ఆరోగ్యశాఖవారు కలసి మూడువందల కుటుంబములలోని పసిబిడ్డలకు బొమ్మల పుస్తకములు ఉచితముగ పంచిరి. ఆ కార్యము క్రమముగ దేశమంతట వ్యాపించినది. బొమ్మల పుస్తకము బిడ్డకు చదువుటకు కాదు. తాతకును మనుమరాలికిని నడుమ మాట పుట్టించుటకు. పుటను త్రిప్పుట, ఆవును చూపుట, ‘అంబా’ అనుట, బిడ్డ ‘అంబా’ అనుట, ఇంతే. చదువురాని అవ్వయు ఈ పుస్తకమును చక్కగ చదువగలదు.

ఈ గ్రంథాలయము స్థాపింపబడిననాడు ఒడిలోనున్న బిడ్డలకు నేడు ఇరువదియైదేండ్లు నిండినవి. వారిలో కొందరు నేడు తామే బిడ్డలను ఎత్తుకొని ఈ సభకు వచ్చియుందురు. వారి బిడ్డలకొరకు గ్రంథాలయమున ఒక మూల చాప పరచుట, నాలుగు గట్టి అట్టల బొమ్మపుస్తకములు క్రింది అరలో చేతికందునట్లు ఉంచుట, వారమునకొక సాయంకాలము ఊరి పెద్దలలో ఒకరు కథ చెప్పుటకు కూర్చుండుట గొప్ప వ్యయముతో కూడిన పనులు కావు. పుస్తకములు చినుగునని భయపడరాదు. చినిగిన పుస్తకము వాడబడిన పుస్తకము. అంగన్‌వాడీ కార్యకర్తయు, గ్రంథపాలకుడును కలసి ఆలోచించినయెడల ఈ కార్యము వచ్చు మాసముననే ప్రారంభింపవచ్చును.

గ్రామమున పుట్టిన ప్రతి బిడ్డయు ప్రశ్నలతోనే పుట్టుచున్నది. మాటలు రాని ఆ కాలమున దాని చూపే ప్రశ్న, దాని ‘ఉంగా’యే ప్రశ్న. దానికి బదులు పలుకుటకు ధనము అక్కరలేదు, పట్టము అక్కరలేదు. నేడు సభ ముగిసి ఇల్లు చేరినంతనే, ఉయ్యాలలోని బిడ్డ మొగముకడ వంగి ఒక మాట పలికి, అది బదులు పలుకుదాక కొంచెము ఆగిన చాలును. రజతోత్సవ సభ ఈ గ్రామమునకు ఈ ఒక్క అలవాటును మిగిల్చినయెడల సార్థకమగును.